మొట్టమాడి ఎవరిది?

రెండు వేల పద్దెనిమిది, వేసవి. వేలూరులో ఆ ఏడు ఎండ ఎలా ఉండేదంటే, మా ఆఫీసు గోడమీది బల్లి నీడ కోసం క్యాలెండరు వెనక్కి దూరి, మే నెల కాగితం చించేదాకా బయటికి రాలేదు. ఆఫీసు అంటే పెద్దగా ఊహించుకోకండి. పాత బస్టాండుకి నాలుగు వీధుల అవతల, ఒక జిరాక్సు షాపు మీద, ఎనిమిదడుగులకు పదడుగుల గది. బోర్డు మాత్రం పన్నెండడుగులు. గదికంటే పొడుగైన ఆ బోర్డు పక్కింటి టైలరు కిటికీని సగం మూసేసేది. ఆయన లైటు వేసుకుని కుడుతూ, రోజూ ఒకసారి నన్ను తిట్టి, తర్వాత టీ తెప్పించేవాడు. ఇప్పుడు నాకు ఏసీ ఉన్న ఆఫీసుంది, కంప్యూటరుంది, తిట్టే టైలరు లేడు. ఆ గదిని తలచుకుంటే ఈ ఏసీ కాస్త చప్పగా అనిపిస్తుంది.

నేను సివిల్ ఇంజినీరుని. బ్యాంకులకు వాల్యుయర్‌ని కూడా. వాల్యుయర్ అంటే, బ్యాంకు అప్పు ఇచ్చేముందు ఆ ఇల్లు నిజంగా ఉందా, ఉంటే ఎంత చేస్తుంది అని చూసి రిపోర్టు రాసిచ్చేవాడు. "నిజంగా ఉందా" అన్నది తమాషాకి అనలేదు. ఒకసారి నాకు మూడు పడగ్గదుల ఇల్లని చెప్పిన సర్వే నంబరులో బాతులు ఈదుతున్నాయి. మూడు కాదు, ముప్పై బాతులు. బాతుకొక పడగ్గది ఇచ్చినా చాలేది కాదు.

ఇది కాక, కొత్త ఫ్లాటు కొనేవాళ్ళు వచ్చి "ఈ ప్రమోటరు మంచోడేనా, కాస్త చూసి చెప్పండి" అని అడిగేవారు. అపార్ట్‌మెంట్లు కట్టి అమ్మేవాణ్ణి మా పక్క బిల్డర్ అనరు, ప్రమోటర్ అంటారు. గోడ మంచిదో కాదో సుత్తితో కొట్టి చెప్పొచ్చు. మనిషిని సుత్తితో కొట్టి చూసే వీలు లేదు. అందుకే ఆ పని నాకు ఎప్పుడూ కష్టంగానే ఉండేది.

ఆ మే నెలలో ఒక మధ్యాహ్నం మునిరత్నమ్మ వచ్చింది. ఆంబూరులో ఒక షూ ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు పనిచేసి అప్పుడే రిటైరైంది. చేరినప్పుడు తోలు ముక్కలు కుట్టేది, దిగేటప్పటికి చెకింగ్ సూపర్‌వైజర్. విదేశాలకు పోయే ప్రతి జతా ఆమె చేతిమీదుగా పోవాల్సిందే. ఆమె వద్దంటే ఆ షూ ఆంబూరు దాటేది కాదు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగే ధైర్యం ఆ ఊళ్ళో ఎవరికీ లేదు.

వచ్చీ రావడంతోనే నేను చూపించిన కుర్చీని తలకిందులుగా తిప్పి, కాళ్ళు ఊపి చూసి, మళ్ళీ నిలబెట్టి కూర్చుంది.

"ఏమప్పా, ఇంజినీరు నువ్వేనా?"

"నేనేనమ్మా."

"బోర్డు చూసి యాడో పెద్దాయన ఉంటాడనుకుంటి. సరేలే."

ఆమె సంగతి ఇది. ముప్పై ఏళ్ళలో పదకొండు వాడగ ఇళ్ళు మారింది. వాడగ అంటే అద్దె. పదకొండు ఇళ్ళలోనూ గోడకి మేకు కొట్టడానికి ఒకరి అనుమతి అడిగింది. ఇక ఎవరినీ అడగకూడదని, పీఎఫ్ డబ్బంతా పెట్టి కాట్పాడి రోడ్డులో లేస్తున్న అపార్ట్‌మెంటులో రెండో అంతస్తు ఫ్లాటు చూసుకుంది. శుక్రవారం నాడు అగ్రిమెంటు మీద సంతకం పెట్టాలి. ఆ డబ్బు తప్ప వెనక ఇంకొకటి లేదు. ఇది చెడితే పన్నెండో వాడగ ఇల్లే.

"ఆయన మీద నాకేమీ అనుమానం లేదప్పా. బ్యాంకాయన ఒకతూరి చూపించుకోమన్నాడు, వచ్చినాను. నువ్వు బిరబిరా బాగుండాదని రాసియ్యి, నేను పోతాను."

"ఆయన మంచోడని ఎట్లా తెలుసమ్మా?"

ఆమె నన్ను జాలిగా చూసింది. "మనోడప్పా! మన బాస మాట్లాడతాడు."

ఈ మాట బరువు తెలియాలంటే మా ఊళ్ళ సంగతి కాస్త చెప్పాలి. వందల ఏళ్ళ కిందట ఇక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు మావి. తెలుగు మాకు గడప లోపలి భాష. గడప దాటితే బడిలో, అంగట్లో, ఆఫీసులో అంతా తమిళమే. మాలో చాలామందికి తెలుగు చదవడం రాదు. మా తాత పట్టుబట్టి బెత్తంతో నేర్పాడు కాబట్టి నేను రాయగలుగుతున్నాను. అలాంటి మాకు బజార్లో ఎవరైనా తెలుగులో మాట్లాడితే ఏమవుతుందో చెప్పలేను. బస్సులో సీటిస్తాం, బిడ్డని ఒళ్ళో కూర్చోబెడతాం, ఊరికొస్తే భోజనానికి రమ్మంటాం, ఆ తర్వాత పేరడుగుతాం.

అంతా తెలిసినవాణ్ణి కాబట్టి మునిరత్నమ్మని చూసి లోపల నవ్వుకున్నాను. ఆ నవ్వు మర్నాడు దాటలేదు.

మర్నాడు కాట్పాడి రోడ్డులో ప్రమోటరు ఆఫీసుకు వెళ్ళాను. ఆయన పేరు గోపాల్ అనుకుందాం. తెల్ల చొక్కా, తెల్ల పంచె, తెల్ల నవ్వు. టేబులు మీద అద్దాల పెట్టెలో బిల్డింగు బొమ్మ. ఆ బొమ్మలో చెట్లు కూడా నాకంటే ఆరోగ్యంగా ఉన్నాయి. నేను ఎవరో తెలిసి కాగితాలన్నీ అడక్కముందే పెట్టాడు. ఈసీ చూశాను. ఈసీ అంటే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్, ఆ నేల మీద తాకట్టు, అమ్మకం ఏమేం జరిగాయో రిజిస్ట్రారు ఆఫీసు ఇచ్చే జాబితా. తాకట్టు లేదు. ప్యారెంట్ డాక్యుమెంట్లు, అంటే అమ్మినవాడికి నేల ఎవరి నుంచి వచ్చిందో చెప్పే పాత పత్రాలు, గొలుసు తెగకుండా ఉన్నాయి. ప్లాను అనుమతి ఉంది, కొత్త అపార్ట్‌మెంట్లకి ప్రభుత్వం ఇచ్చే రెరా రిజిస్ట్రేషన్ నంబరూ ఉంది. చివరగా డ్రాఫ్టు అగ్రిమెంటు చేతికిచ్చాడు. తమిళంలో పద్దెనిమిది పేజీలు. నేను చదువుతూ పదమూడో పేరా దగ్గరికి వచ్చేసరికి కాఫీ వచ్చింది. చెంచా వదిలేస్తే నిలబడేటంత చిక్కటి కాఫీ.

"యాడప్పా మీది?" అన్నాడు గోపాల్.

"మా అవ్వది కనియంబాడి పక్కండీ."

"అట్లా చెప్పు నాయనా! మా అవ్వదీ ఆ పక్కే. సంగటిముద్ద నడిమిన గుంట చేసి, నెయ్యి పోసి, ఊరిబిండి పక్కన పెట్టి, 'బిరీన తిను నాయనా, ఆరిపోతాది' అనేది. ఇప్పుడు బిరీన అనేవాళ్ళు యాడుండారప్పా?"

అంతే. ఊరిబిండి అంటే రోట్లో నూరిన పచ్చడి. ఆ మాట నేను విని ఇరవై ఏళ్ళయింది. మా అవ్వ పోయాక మా ఇంట్లో అది చట్నీ అయిపోయింది. మా అవ్వ గొంతే ఆయన నోట్లోంచి వచ్చినట్టయింది. ఆ గదిలో ఏసీ పద్దెనిమిదిలో ఉన్నా నేను వెన్నలా కరిగి కుర్చీ నుంచి కారి నేలమీదికి వచ్చినంత పనయింది. ఇద్దరం గంటసేపు అవ్వల గురించి మాట్లాడుకున్నాం. రాగులు, రోళ్ళు, వాళ్ళు పెట్టే తిట్లు. ఆయనకు తెలిసిన తిట్లు నాకంటే రెండు ఎక్కువ. లేచేటప్పటికి అగ్రిమెంటు పదమూడో పేరా దగ్గరే మూసి సంచిలో పెట్టుకున్నాను. దారిలో స్కూటర్ మీద రిపోర్టు మనసులో రాసేశాను కూడా: ప్రమోటరు నమ్మదగినవాడు.

ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే మా గురువుగారు గుర్తొచ్చారు.

ఆయన్ని పెద్దసార్ అనేవాళ్ళం. చదువయ్యాక మొదటి అయిదేళ్ళు ఆయన మోపెడ్ వెనక కూర్చుని, ఆయన గొడుగు, నా టేపు పట్టుకుని వేలూరు జిల్లా అంతా తిరిగాను. ఆ గొడుగు ఎంత పాతదంటే, తెరిస్తే లోపలినుంచి పాత ఊరి వాసన వచ్చేది. మోపెడ్ ఎత్తు ఎక్కలేకపోతే నన్ను దింపి, ఆయన ఎక్కి, పైన ఆగి, నేను నడిచి వచ్చేదాకా ఒక పాఠం ఆలోచించుకునేవారు. ఒక ఎత్తు మీద చెప్పిన పాఠం ఇది: "ప్రమోటరుని తెలుసుకోవాలంటే వాడు కట్టబోయేది చూడొద్దురా. కట్టి, అమ్మి, మరిచిపోయింది చూడు. అక్కడ కూడా ఇల్లు ఎట్లుంది అని ఎవర్నీ అడగొద్దు. బాగుందనే అంటారు. వాళ్ళూ ఒకరోజు అమ్ముకోవాలి గదా. ఊరికే నిలబడి, వాళ్ళు ఏం చేస్తున్నారో చూడు."

ఆ మోపెడ్ చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. సరే, చూడకుండా రాస్తే పెద్దసార్ కలలోకి వచ్చి గొడుగుతో పొడుస్తారని, మర్నాడు గుడియాత్తం బయల్దేరాను. గోపాల్ పదేళ్ళ కిందట అక్కడ పన్నెండు ఫ్లాట్ల బిల్డింగు కట్టాడు.

గుడియాత్తం అంటే లుంగీలు, అగ్గిపెట్టెలు. ఊరి మొదట్లోనే మగ్గాల చప్పుడు మొదలై, మన గుండె తన లయ మరిచిపోయి దానితో కొట్టుకోవడం మొదలుపెడుతుంది. బిల్డింగు సులువుగానే దొరికింది. స్కూటర్ కార్ పార్కింగులోకి తిప్పానో లేదో, ఒక అరుపుకి బ్రేకు దానంతట అదే పడింది.

"యాడికప్పా తోలుకోనొస్తా ఉండావు, వడాల మీదికే!"

అరిచింది వసంత. మొదటి అంతస్తులో ఉంటుంది, గొంతు మాత్రం మూడంతస్తులకూ సరిపోతుంది. పార్కింగు నిండా పాత చీరలు పరిచి, వాటి మీద వడియాలు పెట్టారు. మా పక్క వాటిని వడాలంటారు. కానీ పార్కింగులో ఎండెక్కడిది? రెండు స్తంభాల మధ్యనుంచి జానెడు ఎండ చార వస్తోంది. ఆ చార జరిగినప్పుడల్లా నలుగురు ఆడవాళ్ళు నాలుగు కొంగులు పట్టుకుని చీరల్ని దానివెంట జరుపుతున్నారు. సూర్యుడికి ఇంత దగ్గరగా ఉద్యోగం చేసేవాళ్ళని నేనింతవరకు చూడలేదు. చూస్తుండగా చార గోడకేసి పోయింది, చీరలూ పోయాయి, ఒక కారు అద్దం మీదికి ఎక్కాయి.

అంతా చూశాక, పెద్దసార్ మాట మరిచి ఒకమాట అడిగేశాను. "బిల్డింగు ఎట్లుండాదమ్మా?"

"సూపర్‌గా ఉండాది," అన్నారు నలుగురూ ఒకే గొంతుతో.

"మరి ఈ వడాలు మొట్టమాడి మీద పెట్టుకోవచ్చు గదా? నిండా ఎండ ఉంటాది."

మొట్టమాడి అంటే డాబా. తమిళమాట, మా తెలుగులో ఎప్పుడో కలిసిపోయింది. ఆ మాట వినగానే నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎండ చార జరిగింది. ఎవరూ చీర జరపలేదు.

"మొట్టమాడి యాడుండాదప్పా మాకు?" అంది వసంత.

పైకి తీసుకుపోయింది. మూడో అంతస్తు మెట్లయ్యాక ఇనుప గేటు, దానికి కొబ్బరికాయంత తాళం. గేటు వెనక డాబా మీద రెండు గదుల ఇల్లు. గోపాల్ ఆరేళ్ళ కిందట కట్టి, వెనకనుంచి వేరే మెట్లు పెట్టి వాడగకిచ్చాడు. దానికి అనుమతి కూడా తెచ్చుకున్నాడు, అంతా పద్ధతిగా.

"అడగలేదామ్మా?"

"అడిగినాము. పత్రం తిరగేసి చూడండక్కా, మొట్టమాడి నాది అన్నాడు. చూస్తే అట్లే ఉండాది."

వసంత తన సేల్ డీడ్ తెచ్చి చూపించింది. ఇక్కడ యూడీఎస్ గురించి చెప్పాలి. అన్‌డివైడెడ్ షేర్, అంటే బిల్డింగు కింది నేలలో ఒక్కో ఫ్లాటుకి వచ్చే విడదీయని వాటా. ఫ్లాటు కొనడమంటే గాల్లో గదులు, నేలలో వాటా రెండూ కొనడం. అందరి వాటాలూ కలిపితే నేలంతా రావాలి. ఇక్కడ పన్నెండు ఇళ్ళవీ కలిపినా నేల మిగిలింది. మిగిలింది గోపాల్ తన పేరనే ఉంచుకున్నాడు. దానికి తోడు పత్రంలో ఒక పేరా: డాబా మీద హక్కు, ముందుముందు పైన ఏమి కట్టినా ఆ హక్కు ప్రమోటరుదే.

"సంతకం పెట్టేటప్పుడు చదవలేదామ్మా?"

"ఎవురు చదివినారప్పా? రిజిస్ట్రారాఫీసులో పక్కనే నిలబడి, 'పెట్టక్కా, నేను లేనా?' అన్నాడు. మన బాసలోనే అన్నాడు. మనోడు గదా అని పెట్టినాము."

న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఆ బిల్డింగు గోడల్ని నేను సుత్తితో కొట్టి చూశాను, స్తంభాల్ని గోకి చూశాను, నీళ్ళ ట్యాంకులో తల పెట్టి చూశాను. గట్టి పని. గోపాల్ సిమెంటు దొంగ కాదు. ఒక్క బస్తా దొంగిలించలేదు. ఆకాశం దొంగిలించాడు.

అక్కడే మెట్ల మీద కూర్చుని సంచిలోంచి మునిరత్నమ్మ అగ్రిమెంటు తీశాను. అవ్వల కబుర్లతో నేను ఆపేసిన చోటుకి వచ్చాను. పద్నాలుగో పేరా. అదే పేరా, అవే మాటలు, చివర ఒక చుక్క కూడా మారలేదు. నేల వాటాలోనూ అదే కోత. ఆ నిమిషంలో నాకు కలిగిన సిగ్గుని కొలవడానికి నా దగ్గరున్న వంద అడుగుల టేపు చాలదు. ఇన్నేళ్ళ అనుభవం ఒక్క ఊరిబిండి ముందు ఓడిపోయింది.

సాయంత్రం మునిరత్నమ్మకి చెప్పాను. నేను అనుకున్నట్టు ఆమె బెదరలేదు, నామీద మండిపడింది.

"వేరే ప్రమోటరు ఎవుడైనా నీకు చెప్పి పంపించినాడా?"

"లేదమ్మా, నేనే పోయి..."

"మనోడు ఒకడు పైకొస్తా ఉంటే ఓర్వలేరే మీరు! అసలు నువ్వు తెలుగోడివేనా?"

మా తాత బెత్తం దెబ్బలు తిన్న వీపు కలుక్కుమంది. వాదించలేదు. "రేపు నాతో గుడియాత్తం రామ్మా. నేనేమీ మాట్లాడను. నువ్వే చూడు," అన్నాను.

"వస్తాను. చూసినాక నీ సంగతి చెప్తాను."

బస్సులో వెళ్ళాం. నాకు కిటికీ సీటు కూడా ఇవ్వలేదు, అంత కోపం. గుడియాత్తంలో నేను పార్కింగు బయట నిలబడ్డాను. ఆమె లోపలికి పోయి గోడల వంక చూడనే లేదు. చెప్పులు విప్పి, వసంత పక్కన చీర కొంగు పట్టుకుని, ఎండ చార వెంట జరపడం మొదలుపెట్టింది. గంటన్నర జరిపింది. మధ్యలో గిన్నెలో మిగిలిన వడం పిండి నలుగురూ గీకి తిన్నారు. వసంత ఏదో అంటే మునిరత్నమ్మ గట్టిగా నవ్వింది. ఆమె నవ్వడం నేను మొదటిసారి చూశాను. మొట్టమాడి మాట ఒక్కసారైనా ఎత్తిందో లేదో నాకు వినబడలేదు. చివరికి తానే లేచి మెట్లెక్కి, గేటు తాళాన్ని షూ పట్టుకున్నట్టు పట్టుకుని తిప్పి, వెనకవైపు చూసి దిగి వచ్చింది.

"తుప్పు పట్టుండాదప్పా. ఆరేండ్లుగా వీళ్ళకోసం ఒకతూరైనా తెరవలేదు." "షూ పైన పాలీషు చూసి పంపిస్తే అది చెకింగే కాదు. చెయ్యి లోపలికి పెట్టి అస్తరు చూడాల. ఇన్నేండ్లు పిల్లోళ్ళకి నేనే నేర్పిస్తి. నేనే చూడలేదు."

"నేనూ చూడలేదమ్మా," అన్నాను. తిరుగు బస్సులో కిటికీ సీటు నాకిచ్చింది.

శుక్రవారం ఇద్దరం గోపాల్ ఆఫీసుకు వెళ్ళాం.

"రా అక్కా, రా. ఏమప్పా ఇంజినీరు, బాగుండావా? కాఫీ చెప్పేదా?"

"కాఫీ తర్వాత తాగుదాం నాయనా," అంది మునిరత్నమ్మ. "ఒకటే ఒక పని. పద్నాలుగో పేరా తీసెయ్యి. మొట్టమాడి అందరిదీ అని రాయి. నేల వాటా పూరాగా ఇయ్యి. ఇప్పుడే సంతకం పెడతా."

గోపాల్ నవ్వాడు. "అది ఏమీ లేదక్కా, ఊరికే ఉంటాది. నేను లేనా?"

"ఊరికే ఉండేదాన్ని తీసేస్తే నీకేమి నష్టం నాయనా?"

అప్పుడు జరిగింది నేను ఈ రోజుకీ మరిచిపోలేదు. గోపాల్ కుర్చీలో వెనక్కి జరిగాడు. నవ్వు అలాగే ఉంది, భాష మారిపోయింది. "అదెల్లాం స్టాండర్డ్ ఫార్మాట్‌మ్మా. ఎల్లారుక్కుం ఒరే అగ్రిమెంట్ దాన్," అన్నాడు తమిళంలో. అందరికీ ఒకటే అగ్రిమెంటు అని.

ఆమె మళ్ళీ తెలుగులో అడిగింది. ఆయన మళ్ళీ తమిళంలో చెప్పాడు. మూడోసారి అడిగింది. మూడోసారి సగం ఇంగ్లీషు కూడా కలిసింది. అక్కా పోయి మేడమ్ అయింది. మా అవ్వలు, సంగటిముద్దలు, ఊరిబిండి, అన్నీ ఆ టేబులు మీదినుంచి నిశ్శబ్దంగా లేచి వెళ్ళిపోయాయి.

"తెలుగులో చెప్పు నాయనా," అంది మునిరత్నమ్మ మెల్లగా. "ఇంతసేపూ చెప్తా ఉంటివి గదా."

గోపాల్ ఫోను చూసుకున్నాడు. ఆమె లేచింది. అగ్రిమెంటు నాలుగు మూలలూ సరిచేసి, చక్కగా టేబులు మీద పెట్టి బయటికి నడిచింది.

కింది మెట్టు మీద కూలబడింది. డబ్బు భద్రంగా ఉంది కదా, సంతోషించాలి. కానీ కళ్ళు తుడుచుకుంటోంది.

"ముప్పై ఏండ్లప్పా. ఆ ఫ్యాక్టరీలో మేడమ్ అన్నారు, సూపర్‌వైజర్ అన్నారు, వెనకాల ఏమేమో అన్నారు. మన బాసలో అక్కా అని పిలిచినోడు ఒక్కడు లేడు. ఈయన పిలిచినాడు. దానికే నేను..."

నేను పోగొట్టుకున్నదీ అదే. కాట్పాడి రోడ్డులో లారీలు పోతుంటే, పెళ్ళి భోజనం తప్పిపోయిన చుట్టాల్లాగా ఇద్దరం ఆ మెట్టు మీద చాలాసేపు కూర్చున్నాం. ఇప్పటికీ చెప్తాను, గోపాల్ తెలుగు అబద్ధం కాదు. ఆయన అవ్వ నిజంగానే సంగటిలో నెయ్యి పోసి ఉంటుంది. ఆ తెలుగుని ఆయన దేనికి వాడుకున్నాడన్నదే మా బాధ.

తర్వాత మూడు నెలలు మునిరత్నమ్మకి ఎనిమిది ఫ్లాట్లు చూపించాను. ఎనిమిదింటికీ లోపల చెయ్యి పెట్టి అస్తరు చూసింది. ఒక ప్రమోటరు ఆమె వస్తోందని తెలిసి లంచ్‌కి వెళ్ళి రెండు రోజులు రాలేదు. చివరికి ఒక రోజు ఫోను చేసింది.

"ఇల్లు చూసుకుంటినప్పా. గుడియాత్తంలో. ఆ బిల్డింగులోనే. వసంతకి ఎదురిల్లు. వాళ్ళు బెంగళూరు పోతా ఉండారు, అమ్ముతారంట."

నా చేతిలో టీ ఒలికి మూడు రిపోర్టులు తడిశాయి. "అమ్మా! ఆ బిల్డింగుకి మొట్టమాడి లేదు గదమ్మా!"

"తెలుసు. లిఫ్టు నెలకోతూరి నిలబడిపోతాది, అదీ తెలుసు. మూడో ఇంటి కుళాయి కారతాది. వసంతకి కోపం జాస్తి. ఆ ఇంట్లో ఏమేమి లేదో నాకంతా తెలుసప్పా. కొత్తదాంట్లో ఏమి లేదో చెప్పేదానికి ఎవురుండారు?"

నేను వెళ్ళి మళ్ళీ గోడలు కొట్టాను, ఈసీ తీశాను, యూడీఎస్ సరిచూశాను. వాటా చిన్నదే, కానీ పేరు మీద శుభ్రంగా ఉంది. బేరంలో "మొట్టమాడి లేదు" అన్న మాట ఆమె పదిసార్లు అంది, పదిసార్లూ ధర ఒక మెట్టు దిగింది.

పాలు పొంగించే రోజు నన్ను పిలిచింది. గోడలకి నాలుగు మేకులు అప్పటికే కొట్టేసింది, ఎవరినీ అడక్కుండా. దేనికని అడిగితే, "ఊరికేనప్పా" అంది. తీరా స్టవ్వు వెలిగించే వేళకి సంపు మోటారు కాలిపోయింది. కుళాయి తిప్పితే దగ్గు తప్ప నీళ్ళు లేవు. వచ్చినవాళ్ళు కాళ్ళు కడుక్కోవడానికి కూడా లేవు. నేను ఫోను తీసి, తెలిసిన ప్లంబరు నంబరు వెతుకుతున్నాను. ఆ నంబరు దొరికేలోగా గుమ్మంలో బకెట్టు చప్పుడైంది. వసంత. "చేరే దినమే చూసి ఈ మోటారుకి రోగమొచ్చిందే!" అని దాన్ని తిడుతూ దింపింది. ఆమె వెనక ఇంకో బకెట్టు, దాని వెనక బిందె, మూడో అంతస్తు నుంచి తాగేనీళ్ళ క్యాను. ఎవరూ ఎవర్నీ పిలవలేదు. నేను లెక్కపెట్టడం మానేసే సరికి వరండాలో అడుగుపెట్టే చోటు లేదు.

మునిరత్నమ్మ ఆ బకెట్ల మధ్య నిలబడి నావైపు తిరిగింది.

"ఇది రాసినావా నీ రిపోర్టులో?"

"లేదమ్మా. దానికి కాలమ్ లేదు."

"మరి ఏమి చూసొస్తివప్పా ఇన్నేండ్లు?"

ప్రమోటరు నమ్మకస్తుడా అని తెలుసుకోవాలంటే ఏం చేయాలని ఇప్పుడు ఎవరడిగినా, నేను ఒంటరిగా వెళ్ళి చూసొచ్చి చెప్పను. కొనేవాళ్ళనే ఆయన పాత బిల్డింగుకి తీసుకుపోయి, గంటన్నర అక్కడ వదిలేస్తాను. అగ్రిమెంటు పూర్తిగా చదివేదాకా కాఫీ ముట్టను. ఇవి రెండూ ఆ కేసు నేర్పినవే. కానీ అసలు నేర్పింది వేరే. ప్రమోటరు ఒకసారి కట్టి వెళ్ళిపోతాడు. మోటారు కాలిన రోజు ఎదురింటి తలుపు తెరుచుకుంటుందా లేదా అన్నదాన్ని బట్టే ఆ ఇంట్లో బతుకు ఉంటుంది. అందుకే నా రిపోర్టు చివర ఒక కాలమ్ చేర్చాను: ఇరుగుపొరుగు. బ్యాంకువాళ్ళు ప్రతిసారీ దాన్ని కొట్టేసి పంపుతారు. నేను ప్రతిసారీ మళ్ళీ రాస్తాను.